కోర్టు స్టెనోల చేతి నొప్పి: మాలిష్ ఎక్కడ చేయాలి, ఎక్కడ చేయొద్దు

ఈ ఎపిసోడ్ కామారెడ్డి, ఎల్లారెడ్డి కోర్టుల్లో పనిచేసే స్టెనోలు, టైపిస్టుల కోసం. స్టెనో ఉద్యోగం కోసం టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పోతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా చూడండి. ఇయ్యాల వాళ్ల నొప్పి, రేపు మీదే.

ముందు ఆ పని ఎట్లుంటదో చెప్తా. సాక్షి బోనులో నిలబడి చెప్తడు. వకీలు అడుగుతడు. జడ్జి గారు ఆ జవాబుని వాక్యంగా చెప్తుంటే స్టెనో కొడుతూ పోవాలి. సాక్షి ఏడ్చినా, వకీళ్లు గట్టిగా అరుచుకున్నా వేళ్లు ఆగొద్దు. క్రాస్ ఎగ్జామినేషన్ మధ్యలో "సార్, జర చెయ్యి గుంజుతుంది" అని ఎవరంటరు చెప్పండి? అమెరికా కోర్టుల్లో ఈ పనికి స్టెనోటైప్ అని ప్రత్యేకమైన మిషన్ ఉంటది. నాలుగైదు మీటలు ఒక్కసారే నొక్కితే ఒక మాట పడుతది. అట్ల నిమిషానికి 225 మాటలు కొట్టాలని అక్కడ పరీక్ష. మన దగ్గర మామూలు కీబోర్డే, ఒక్కో అక్షరం కొట్టాల్సిందే. తెలుగులో అయితే ఒత్తులకి, గుణింతాలకి మాటిమాటికి షిఫ్ట్ నొక్కాలి. ఆ భారమంతా పాపం చిటికెన వేలు మీదనే.

ఇప్పుడు ఫోన్ ఒక పక్కన పెట్టండి. ఎడమ చేత్తో కుడి మోచేయి కింద, ముంజేతిని గట్టిగా పట్టుకోండి. కుడి చేతి వేళ్లు టైపు కొట్టినట్టు ఆడించండి. లోపల ఏదో కదులుతుంది కదా? వేళ్లని ఆడించే పెద్ద కండలు అక్కడున్నయి. చాలామంది మణికట్టు నొస్తుందని మణికట్టునే పిసుకుతరు. అలసిపోయింది అది కాదు, దానిపైన ఉన్న ముంజేయి.

మాలిష్ అక్కడ చేయండి. నువ్వుల నూనె రెండు చుక్కలు చాలు. బొటనవేలితో మణికట్టు వైపు నుంచి మోచేయి వైపు మెల్లగా జరుపుతూ పోండి. ముందు వెంట్రుకలుండే పైభాగం, తర్వాత లోపలి భాగం. ముడిలాగ గట్టిగా తగిలిన చోట అర నిమిషం ఒత్తి పట్టి వదలండి. ఒక్కో చేతికి రెండు మూడు నిమిషాలు. హాయిగా అనిపించే నొప్పి అయితే పర్లేదు, పళ్లు కొరుక్కునే నొప్పి అయితే ఆపేయండి. మణికట్టు లోపలి వైపు, గాజులు ఆగే చోట మాత్రం గట్టిగా ఒత్తొద్దు. అక్కడ ఇరుకు సందులోంచి చేతికి పోయే నరం ఉంటది.

వీపుకి టెన్నిస్ బాల్ చాలు. గోడకి ఆని, బాల్‌ని భుజం ఎముకకి, వెన్నుపూసకి మధ్యలో పెట్టి మెల్లగా అటూ ఇటూ కదలండి. వెన్నుపూస మీద పెట్టొద్దు.

ఇంకొకటి, ఇది కొంచెం గట్టిగానే చెప్తా. కటింగ్ షాపుల తలకి మాలిష్ చేసి, చివరికి మెడ పటుక్కున తిప్పుతరు చూడండి, అది వద్దు. అరుదుగానే అయినా, ఆ తిప్పుడికి మెడలోని రక్తనాళం చీరి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. "అన్నా, తల వరకే, మెడ తిప్పొద్దు" అని కుర్చీల కూర్చున్నప్పుడే చెప్పండి. మొహమాటం అక్కర్లేదు.

కోర్టులో ఉన్నప్పుడు ఏం చేయాలె? అటెండర్ సాక్షి పేరు మూడుసార్లు పిలుస్తడు కదా, ఆ మూడు పిలుపుల టైం మీదే. చేతులు ఒళ్లో వేసి వేళ్లు చాపండి, భుజాలు కిందికి వదిలేయండి, కిటికీ బయట దూరంగా ఏదైనా చూడండి. టేబుల్ ఎత్తుగా ఉంటే కుర్చీలో ఒక దిండు వేసుకోండి, మోచేయి కీబోర్డు ఎత్తుకి రావాలి. కాళ్లు అందకపోతే కింద పీట పెట్టుకోండి. పాత ఫైళ్లు మాత్రం పెట్టకండి, అవి ఎవరి కేసులో ఏమో!

ఇంటికొచ్చినాక చేతికి రెస్ట్ ఉంటదా అంటే, అదీ లేదు. మన జిల్లాలో ఎన్నో ఇండ్లల్ల అమ్మ బీడీలు చుడుతది. కోర్టు నుంచి వచ్చిన బిడ్డ కూడా సాయంగా చాట ముందు కూర్చుంటది. మళ్లీ అవే వేళ్లు, అదే వంగిన మెడ. పండుకునే ముందు రీల్స్, అదీ బొటనవేలితోనే. అమ్మకి కూడా ఇదే మాలిష్ చేయండి, మీ చేతికి కూడా అమ్మతో చేయించుకోండి.

మాలిష్‌తో తగ్గనిది ఒకటుంది. రాత్రి నిద్రలో బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు తిమ్మిరెక్కి, చెయ్యి దులుపుకుంటూ లేస్తున్నారంటే మణికట్టు దగ్గర నరం నలుగుతున్నట్టు అనుమానించాలె. చిటికెన వేలు, ఉంగరపు వేలు అయితే మోచేయి దగ్గర చూపించుకోవాలె. షుగర్, థైరాయిడ్ ఉన్నోళ్లకి, గర్భిణీలకి మణికట్టు తిమ్మిరి ఎక్కువ. టీ గ్లాసు చేతిలోంచి జారుతుందంటే ఇంక ఆగొద్దు, డాక్టర్ దగ్గరికి పోవాల్సిందే. మొదట్లోనే పోతే రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకుంటే చాలామందికి తగ్గుతది. ఆలస్యం చేస్తే బొటనవేలి మొదట్లో ఉన్న కండ కరిగిపోతది, అది మళ్లీ రావడం కష్టం. ఉద్యోగం పోతదేమోనని తిమ్మిరి దాచిపెట్టేవాళ్లున్నరు. అసలు ఉద్యోగానికి ముప్పు ఆ దాచిపెట్టుడే.

పరీక్షకి ప్రిపేర్ అయ్యేవాళ్లకి ఒక్క మాట. నిమిషానికి 45 పదాల హయ్యర్ గ్రేడ్ కోసం రెండు గంటలు ఏకధాటిగా కొట్టొద్దు. అర గంట కొట్టండి, అయిదు నిమిషాలు లేచి తిరగండి, మళ్లీ కూర్చోండి. ఆ అయిదు నిమిషాలు ఫోన్ తీయొద్దు!