ప్రతిరక్షకము పలుకు సాక్ష్యము

దేహమును శత్రువుల బారినుండి కాపాడు రక్షకదళము మన రక్తమునందే కలదని శ్రోతలలో అనేకు లెరుగుదురు. భటునకు కర్ర యెత్తుట యెంత అవసరమో, సమయమెరిగి దించుటయు అంత అవసరము. దించుమని చెప్పువారు లేనిచో అతడు ఇంటివారినే కొట్టును. అట్లు దించుమని చెప్పు ఎంజైము నొకదానిని గూర్చియు, దానిని పోల్చుకొనుటకు ప్రయోగశాలలో మేము వాడు సాధనమును గూర్చియు నేడు ముచ్చటింతుము.

ఆ ఎంజైము పేరు ఇండోలమీన్ డయాక్సిజనేజ్. పేరు దీర్ఘమగుటచే ఐ.డి.ఓ. అని పిలుతుము. పప్పులు, పాలు, గ్రుడ్ల ద్వారా మనకు లభించు ట్రిప్టోఫాన్ అను అమినో ఆమ్లమును ఇది విరుగగొట్టును. ఆ ఆమ్లమును మన దేహము స్వయముగా తయారుచేసికొనజాలదు. టి-కణములను రక్షకకణముల వృద్ధికి అది కావలెను. అది కరవై, దాని స్థానమున కైనురెనిన్ అను పదార్థము పోగుపడినచోట ఆ కణముల ఉధృతి తగ్గును.

1967లో జపాను శాస్త్రజ్ఞుడు ఒసాము హయాయిషి తన సహచరునితో కలిసి కుందేటి ప్రేగులలో ఇట్టి ఎంజైమును వర్ణించెను. 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున మన్, మెలర్ ప్రభృతులు గర్భముతోనున్న ఎలుకలలో దీని పనిని అడ్డగించి చూచిరి. భిన్నవంశపు మగ ఎలుకవలన కలిగిన పిండములు తల్లి టి-కణముల మూలమున నశించినవి. ఒకే వంశపువి నిలిచినవి. తల్లి గర్భములో బిడ్డను కాచు ఈ డాలునే కొన్ని క్యాన్సరు కణములును ధరించునని తరువాత తెలిసినది. కావున, ఏ రోగి కణితిలో ఈ ఎంజైము కలదు, ఏ కణములలో కలదు అను ప్రశ్న పుట్టినది.

కంటికి కానరాని దానిని చూచుటకు ప్రతిరక్షకమే మార్గము. మానవుని ఎంజైమును గాని, దానిలోని ఒక ముక్కను గాని కుందేలునకో చిట్టెలుకకో సూదిద్వారా ఎక్కింతురు. దాని దేహము ఆ పరాయి పదార్థమునకు అంటుకొను ప్రతిరక్షకములను తయారుచేయును. వానిలో ఒకే రకమును ఎడతెగక పొందు ఉపాయమును 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ కనుగొనిరి. ప్రతిరక్షకము నిచ్చు కణమును చావెరుగని క్యాన్సరు కణముతో కలిపి ఒకటి చేసిరి. 1984లో యెర్నెతోపాటు వారికి నోబెల్ బహుమతి లభించినది.

కాని తిరునాళ్లలో “రామయ్యా” యని పిలిచినచో నలుగురు వెనుదిరిగి చూతురు. వారిలో మన రామయ్య యెవరు? ప్రతిరక్షకముతో వచ్చు చిక్కు ఇదియే. 2007లో ఐ.డి.ఓ.కు తోబుట్టువు వంటి మరియొక ఎంజైము వెలుగులోనికి వచ్చినది. వాని జన్యువులు రెండును 8వ క్రోమోజోముపై ప్రక్కప్రక్కనే యున్నవి. పోలికలును కలవు.

మా అనుభవ మొకటి చెప్పుదుము. కొన్నియేండ్ల క్రిందట ఇట్టి ప్రతిరక్షకపు సీసా నొకదానిని కొంటిమి. కణితి ముక్కలనుండి ప్రోటీనులను పరిమాణక్రమమున వేరుచేసి పరీక్షింపగా, ఐ.డి.ఓ. ఉండవలసిన 45 వేల డాల్టనుల చోటనే గీత కనబడినది. ప్రతి రోగియందును కనబడినది. మూడునెలలు సంతోషించితిమి. అంతట మాలో పెద్దవా రొకరు, “లేనిచోట చూచితిరా?” యని అడిగిరి. హీలా కణములు మామూలుగా ఈ ఎంజైమును చేయవు; ఇంటర్‌ఫెరాన్-గామా తగిలించిన పిదపనే చేయును. రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి చూచితిమి. ఏమియు తగిలించని కణములందును అదే గీత! మా సాక్షి మరెవరినో చూచి తలయూపుచుండెను. ఆ ఫలితము లన్నియు కొట్టివేసితిమి. రోగులు నమ్మి యిచ్చిన ఆ ముక్కలు మాత్రము మరల లభింపలేదు.

నాటినుండి ప్రతి క్రొత్త సీసాను మూడు విధముల పరీక్షింపక వాడము. ఎంజైము ఉన్న కణము, లేని కణము, జన్యువునే తొలగించిన కణము. మొదటిదానిలో పలికి, తక్కిన రెండింట మౌనము వహించినదే మాకు సాక్షి.

ఇది ప్రయోగశాల గోడల నడుమ ముగియు మాట కాదు. ఐ.డి.ఓ.ను అడ్డగించు ఎపకాడోస్టాట్ అను మందును మెలనోమా అను క్యాన్సరు గల 700 మందికి పైగా రోగులతో జరిపిన పరీక్షలో, మరియొక మందుతో జతపరచి యిచ్చిరి. ఆ రెండవ మందు ఒక్కటే యిచ్చినదానికంటె అధికమగు మేలు కలుగలేదని 2018లో తేలినది. కారణములు పలువిధముల చర్చింపబడినవి. కణితిలో ఈ ఎంజైము ఉన్నవారినే ముందుగా ఎంచుకొనకుండుట వానిలో నొకటి. ఎంచుకొనవలెనన్నచో నమ్మదగిన సాక్షి కావలెను గదా!

ఇట్టి సీసాలపై “పరిశోధనకు మాత్రమే” యని వ్రాసియుండును. రోగి వ్యాధిని నిర్ణయించుటకు అది చాలదని దాని భావము. ఆ చిన్న అక్షరములను మేము ఇప్పుడు ముందుగా చదువుచున్నాము.