తీగ తీయవలసిన వేళ



రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటి కడియపులంక వైపు వెళ్లినప్పుడు, అక్కడి నర్సరీలలో బోన్సాయ్ చెట్లను మీరు చూసే ఉంటారు. మన కోనసీమ చెరువు గట్లమీద ఆకాశాన్నంటే రావి, జువ్వి చెట్లే అక్కడ లోతులేని కుండీలలో మూరెడు ఎత్తున నిలిచి ఉంటాయి.

అదెలా సాధ్యం? లేత మొక్కనే ఎన్నుకొంటారు. వేళ్లు కత్తిరిస్తారు, చివుళ్లు తుంచుతారు. కొమ్మకు అల్యూమినియం తీగ చుట్టి మెల్లగా వంచుతారు. ముదిరిన కొమ్మను వంచబోతే విరుగుతుంది.

అయితే ఒక సంగతి గమనించండి. ఆ తీగ ఎల్లకాలం ఉంచేది కాదు. కొమ్మ ఆ వంపులో నిలబడగానే తీసివేయాలి. వానాకాలంలో రావిజాతి కొమ్మలు త్వరగా లావెక్కుతాయి. అశ్రద్ధ చేస్తే తీగ బెరడులోకి కోసుకుపోతుంది. ఆ మచ్చ ఏళ్ల తరబడి మానదు. తీసేటప్పుడైనా లాగి విప్పరు. కొమ్మకు దెబ్బ తగలకుండా తీగను ముక్కలుగా కత్తిరిస్తారు.

తల్లిదండ్రులారా, చిన్ననాట క్రమశిక్షణ అవసరమే. కాని ఎదిగిన కుమారునికి, ఉద్యోగం చేస్తున్న కుమార్తెకు చిన్ననాటి తీగనే ఇంకా బిగించి ఉంచారా? వారి చదువును, పెండ్లిని వారి మాట వినకుండానే నిర్ణయిస్తున్నారా? పిల్లలను విసిగిస్తే వారు అధైర్యపడతారని పౌలు కొలొస్సయుల పత్రికలో తండ్రులను హెచ్చరించాడు.

కుండీలోని చింత కాసినా, దాని గింజ నేలలో పడితే పెద్ద చింతచెట్టే అవుతుంది. కుండీ మనది, గింజలోని జీవము దేవునిది.

తీగ తీయవలసిన వేళను గుర్తించే జ్ఞానము ప్రభువు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.