చవకగా కొన్న బెంచీలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

‘సర్కారు కొలువులో 35 ఏళ్లు ఉన్నారు కదా, మా అందరికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి’ అని కార్యదర్శి గారు అడిగారు. నేను కలెక్టరును కాలేదు, శాస్త్రవేత్తనూ కాలేదు. జిల్లా కార్యాలయంలో కొనుగోళ్ల సెక్షన్‌లో గుమాస్తాగా చేరి, అలాంటి సెక్షన్‌లోనే అధికారిగా రిటైరయ్యాను. బెంచీలు, దుప్పట్లు, ట్రంకు పెట్టెలు, పప్పు, నూనె... ప్రభుత్వం తరఫున ఇవన్నీ కొన్నవాణ్ణి. నాకు బాగా తెలిసిన సంగతి అదొక్కటే. అదే చెబుతాను.

చేరిన కొత్తలో హాస్టళ్లకు బెంచీలు కొన్నాం. టెండరు కాగితం నేనే తయారుచేశాను. పాత ఫైలు చూసి ‘చెక్క బెంచీ, పొడవు 6 అడుగులు’ అని రాశాను. ఏ చెక్క, ఎంత మందం, ఎన్నేళ్ల గ్యారంటీ, ఏదీ రాయలేదు. అందరికంటే తక్కువ ధర వేసినవారికి ఆర్డరు వెళ్లింది. మా ఆఫీసు భాషలో ఆయన ‘ఎల్-1’. మొదటి వానాకాలానికే పచ్చి చెక్క వంకర తిరిగింది, మేకులు పైకి లేచాయి. ఒక హాస్టలుకు వెళ్లి చూస్తే బెంచీలన్నీ గోడకు చేర్చి ఉన్నాయి. పిల్లలు నేలమీద కూర్చుని రాసుకుంటున్నారు. ఆ ఏడాది ఆడిట్‌లో ఆ ఫైలు మీద ఒక్క అభ్యంతరం కూడా రాలేదు.

మన లెక్కల మాస్టారు ఇక్కడే ఉన్నారు కనుక చిన్న లెక్క వేస్తాను. 1,000 రూపాయల బెంచీ రెండేళ్లు వస్తే ఏడాదికి 500 రూపాయలు. 1,600 రూపాయల బెంచీ పదేళ్లు వస్తే ఏడాదికి 160. ఇంట్లో మంచం కొనేటప్పుడు ఈ లెక్క మనందరికీ వస్తుంది. ఆఫీసు కుర్చీలో కూర్చోగానే మరిచిపోతాం. ఎందుకంటే ఎక్కువ ధరకు కొంటే ‘ఎందుకు కొన్నావు’ అని అడిగేవారు పదిమంది ఉంటారు. పాడైపోయేదాన్ని తక్కువకు కొంటే అడిగేవారు ఉండరు.

రెండో సంగతి చెప్పడం నాకు కొంచెం కష్టం. కొన్నేళ్ల తర్వాత మరో జిల్లాలో పనిచేస్తున్నప్పుడు బెంచీల టెండరు మన బ్యాచ్ మిత్రుడికే వచ్చింది. ఆయన నా క్లాస్‌మేట్ అని పై అధికారికి ముందే చెప్పాను. నిర్ణయంలో నేను లేను. సరుకు బాగుంది, గడువులోపే వచ్చింది. కానీ బిల్లు నా టేబుల్ మీదికి వచ్చాక నాకు భయం పట్టుకుంది. ‘స్నేహితుడి బిల్లు కాబట్టే గబగబా కదిలింది’ అంటారేమోనని అవసరం లేని వివరణలు అడిగాను. ఆ లోపల మార్చి దాటిపోయింది, బడ్జెట్ మురిగిపోయింది. డబ్బు చేతికి రావడానికి 11 నెలలు పట్టింది. ఆ మధ్యలో ఆయన ఒక్కసారి కూడా నా దగ్గరికి రాలేదు. తర్వాత అడిగితే, ‘నేనొస్తే నీకు మాట వస్తుందని రాలేదురా’ అన్నాడు. వడ్డీలు కట్టలేక పనివాళ్లలో ఇద్దర్ని మాన్పించాడట. మళ్లీ ప్రభుత్వ టెండరు వేయలేదు.

మరుసటి ఏడు ఇద్దరే టెండరు వేశారు. ధర పెరిగింది. నా జాగ్రత్తకు మూల్యం చెల్లించింది ఖజానాయే.

అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. మా రోజుల్లో టెండరు పెట్టె దగ్గరే మనుషులు కాపలా కాసి, వేరేవాళ్లను కవరు వేయనిచ్చేవారు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలయ్యాక ఆ బెడద తగ్గింది. కేంద్రం 2016లో జెమ్ పోర్టల్ తెచ్చింది. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేకంగా కార్పొరేషన్ పెట్టింది. అక్కడ కంపెనీ పేరు కనబడకుండా శాంపిళ్లకు కోడ్ వేసి ల్యాబ్‌కు పంపుతారు. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఉంటుంది, ఎంత విలువైన మందులు తీసుకోవచ్చో, ఎంత తీసుకున్నారో అందులో తెలుస్తుంది. తర్వాత కేరళ, రాజస్థాన్ కూడా అలాంటి సంస్థలు పెట్టుకున్నాయి. 2021 అక్టోబరులో కేంద్రం, కొన్ని పనుల్లోనూ సేవల్లోనూ ధరతో పాటు నాణ్యతకూ 30 శాతం దాకా మార్కులు వేయవచ్చని చెప్పింది.

చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం ఉంది. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. కానీ ఆ వడ్డీ అడిగితే రేపు ఆర్డరు రాదని భయపడి ఊరుకునేవాళ్లను నేను ఎంతోమందిని చూశాను. కంప్యూటరు టెండరు పెట్టెను కాపాడగలదు. ఏ చెక్క కావాలో మాత్రం మనిషే రాయాలి, బిల్లు మీద సంతకం మనిషే పెట్టాలి.

ఇక అసలు మనవి. మన సంఘం స్వర్ణోత్సవ నిధితో బడికి బెంచీలు, ల్యాబ్ సామాను కొనబోతోంది. అది మీ అందరి డబ్బు. నావి నాలుగు కోరికలు. ఏం కొనాలో ముందు ఆ గదిలో పాఠం చెప్పే టీచర్లను, కూర్చునే పిల్లలను అడగండి. కావలసినదాన్ని వివరంగా రాసి, అందరికీ తెలిసేలా కొటేషన్లు పిలవండి. ధరతో పాటు ఎన్నేళ్లు మన్నుతుందో చూడండి. సరుకు సరిగా ఉంటే చెప్పిన రోజుకి డబ్బు ఇచ్చేయండి.

నేను చెప్పిన ఆ మిత్రుడు ఇవాళ ముందు వరసలోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. బెంచీలకు తానూ కొటేషన్ ఇస్తానంటున్నాడు. ఇస్తే నేను కొనుగోలు కమిటీలో కూర్చోను. కానీ ఆర్డరు ఆయనకే వచ్చి, సరుకు బాగుంటే, ఈసారి ఆ బిల్లు ఒక్కరోజు కూడా ఆగకుండా చూడమని కోశాధికారి గారిని మీ అందరి ఎదుటా అడుగుతున్నాను.

సెలవు.