కేస్ షీటు మీద ఎర్ర స్టిక్కరు వద్దు

ఈరోజు పట్టాలందుకుంటున్న నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ విద్యార్థులకు అభినందనలు.

ఈ కూచిపూడి నుంచి మీలో కొందరు బందరు వెళతారు, కొందరు గుడివాడ, అవనిగడ్డ. ఎక్కడ చేరినా మొదటి వారంలోనే ఓ సీనియర్ మీ చెవిన ఒక మాట వేస్తారు: "ఆరో బెడ్డు హెచ్‌ఐవీ పాజిటివ్, జాగ్రత్తమ్మా."

ఆ మాట వెనక ఉన్నది భయం. "మాకూ పిల్లలున్నారు, ఎవరికుందో మాకు తెలియొద్దా?" అనే సిబ్బందిని నేను తప్పుపట్టను. కాని ఆ జాగ్రత్త మిమ్మల్ని కాపాడుతుందా? సోకిన తొలి వారాల్లో పరీక్ష నెగిటివ్ రావచ్చు. ఐదో బెడ్డు మనిషికి అసలు పరీక్షే చేసి ఉండకపోవచ్చు. హెచ్‌ఐవీ ఉన్నవారి సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు వెయ్యికి 3. హెపటైటిస్-బి అయితే, టీకా వేసుకోనివారికి నూటికి 6 నుంచి 30 దాకా. ఆరో బెడ్డు దగ్గర రెండు జతల గ్లవ్స్ తొడిగి, ఐదో బెడ్డు దగ్గర వట్టి చేతులతో రక్తం తీస్తే ఏం లాభం?

అందరి రక్తాన్నీ ఒకేలా చూడండి. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకండి. గుచ్చుకుంటే దాచకుండా, కడిగి వెంటనే డాక్టరుకు చెప్పండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందు 2 గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. 28 రోజులు వాడాలి. 2018 సెప్టెంబరు 10న అమల్లోకొచ్చిన హెచ్‌ఐవీ చట్టం గ్లవ్స్, ఈ మందు మీకు అందించే బాధ్యత ఆసుపత్రి మీద పెట్టింది. అడిగి తీసుకోండి. రోగి సమ్మతి లేకుండా పరీక్ష చేయొద్దన్నదీ, చికిత్సకు అవసరమైనవారికి తప్ప ఫలితం చెప్పొద్దన్నదీ ఆ చట్టమే.

ఇక ఫోన్లొస్తాయి. "అబ్బాయి మీ ఆసుపత్రిలోనే చూపించుకుంటాడట, సంబంధం అనుకుంటున్నాం, ఒక్క మాట చెప్పవే" అని మీ పిన్నే అడగొచ్చు. "ఏం లేదు పిన్నీ" అని కూడా అనకండి. రేపు ఇంకొకరి విషయంలో మీరు నోరు మెదపకపోతే అదే జవాబైపోతుంది. "ఎవరి సంగతీ చెప్పను" అనండి. జీవిత భాగస్వామికి ముప్పుంటే చెప్పే దారి చట్టంలో ఉంది. అది డాక్టరు, కౌన్సెలర్ల పని; అదీ రోగికి ముందు తెలియజేసి.

హెచ్‌ఐవీకి మందులు సక్రమంగా వాడి, వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవారి నుంచి లైంగికంగా జబ్బు సోకదు. ఊళ్లో మాట పొక్కిందని ఆ మనిషి ఆసుపత్రికి రావడం మానేస్తే ఆ రక్షణ పోతుంది, ఇంట్లోవాళ్లకూ పోతుంది.

డ్యూటీలో చేరిన రోజున ఏ కేస్ షీటు మీదైనా పాజిటివ్ అని తెలిపే ఎర్ర స్టిక్కరు కనిపిస్తే తీయించండి.