మూర్ఛ వచ్చినపుడు మెదడులో ఏం జరుగుతుంది?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఇళ్ళలో మిర్గీ అనీ, తెలుగులో మూర్ఛ అనీ, ఆస్పత్రిలో ఫిట్స్ అనీ పిలిచే జబ్బు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "ఫిట్స్ వచ్చినప్పుడల్లా పిల్లవాడి మెదడు కొంత చచ్చిపోతుందట గదా?" అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. ఆ భయంతోనే బడి మాన్పించిన వాళ్ళూ ఉన్నారు. కనుక ముందు ఆ సంగతే చెబుతాము.

మెదడులోని నరాల కణాలు విద్యుత్తుతో, రసాయనాలతో కబుర్లు పంపుకుంటాయి. గ్లుటమేట్ అనేది కణాన్ని ఉసిగొల్పుతుంది. గాబా అనేది అదుపులో పెడుతుంది. మూర్ఛలో ఆ అదుపు తప్పి అసంఖ్యాకమైన కణాలు ఒక్కసారిగా చెలరేగుతాయి. చాలావరకు ఇది ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. అలా ఆగిన మూర్ఛతో మెదడు పాడైపోయిందని బెంగపడనక్కరలేదు.

ఆగకపోతేనే చిక్కు. గ్లుటమేట్ పోటెత్తి, కణంలోకి కాల్షియం మితిమీరి చొరబడుతుంది. ఆ దెబ్బకు కణం చచ్చిపోతుంది. జ్ఞాపకశక్తికి ఆయువుపట్టు అయిన హిప్పోకాంపస్ అనే భాగానికి ఈ నష్టం ఎక్కువ. అక్కడ కణాలు తగ్గిపోవడాన్ని జర్మనీలో సోమర్ అనే వైద్యుడు 1880లోనే వర్ణించాడు. అయితే ఊపిరాడకనో, ఒళ్ళు కొట్టుకోవడం వల్లనో అలా జరుగుతుందేమోనన్న సందేహం ఉండేది. 1973లో మెల్డ్రమ్ బృందం బబూన్ కోతుల కండరాలు కదలకుండా మందిచ్చి, యంత్రంతో ఊపిరి అందిస్తూ చూశారు. ఒళ్ళు కదలకపోయినా, మూర్ఛ గంటల తరబడి సాగేసరికి కణాలు చనిపోయాయి. పాపం, ఆ మూగజీవాల వల్ల మనకు తెలిసిన సంగతి ఇది.

అందుకే గడియారం చూడమంటున్నాము. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఒళ్ళంతా కొట్టుకునే మూర్ఛ 30 నిమిషాలు దాటితే శాశ్వత నష్టం జరగవచ్చునని వైద్యుల లెక్క. తాళంచెవుల గుత్తి ఏదీ, ఉల్లిపాయ ఏదీ అని వెతుకుతూ ఈ వేళ కాస్తా పోగొట్టుకుంటున్నాము! మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి.

ఆగని మూర్ఛకు ముఖ్య కారణాల్లో ఒకటి మాత్రలు హఠాత్తుగా మానేయడం. రంజాన్‌లో వేళలు మారతాయి కనుక నెల రాకముందే డాక్టరు గారిని కలవండి. సహరీకి, ఇఫ్తారుకు మాత్రలు సర్దవచ్చునా, అసలు రోజా ఉండవచ్చునా అన్నది ఆయననే అడగండి.

పిల్లల్ని మాత్రం బడికి పంపండి. మాష్టారు గారికి ముందుగా చెప్పి ఉంచండి.