మాట తడబడు బిడ్డలు - ఇంటి తెలుగు

(హోసూరులో జరిగిన తెలుగువారి సభయందు విశ్రాంత తెలుగు పండితులొకరు చేసిన ప్రసంగ పాఠము)



మన సభలలో బడుల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల తెలుగు తరగతులు మూతపడుటను గురించి, ఉపాధ్యాయుల ఖాళీలను గురించి, పుస్తకములు ఆలస్యమగుటను గురించి మాటలాడుకొందుము. అవి మాటలాడుకొనవలసినవే. నేడు నేను వేరొక సంగతి విన్నవింప వచ్చితిని. హైస్కూలు చదువునకు వచ్చియు నోరు విప్పలేని బిడ్డలు మన ఇండ్లలో కొందరున్నారు. వారి విషయమున మనము చేయుచున్న పొరపాటొకటి కలదు. దానిని నేనును చేసితిని గనుక చెప్పుటకు నాకు కొంత అధికారమున్నదనుకొందును.

నేను ఉద్యోగములోనున్న దినములలో ఎనిమిదవ తరగతియందు ఒక బాలుడుండెను. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. లెక్కలు చక్కగా చేయును. కథ చెప్పుమన్నచో రెండు మాటలు చెప్పి ఆగిపోవును. "అది... అదే... ఆడ పెట్టేది" అని చేతితో చూపునేగాని వస్తువు పేరు నోటికి రాదు. కొంచెము పొడుగైన ప్రశ్న వేసినచో అర్థము గాక ప్రక్కవాని మొగము చూచును. ఉపాధ్యాయులమందరము కూడి తీర్పు చెప్పితిమి: మూడు భాషలు తలలో కలగాపులగమైనవి, ఇంట తెలుగు మాని ఇంగ్లీషే మాటలాడుడని. తలిదండ్రులు మా మాటను వేదవాక్యముగా గైకొనిరి. ఆ తల్లికి వచ్చిన ఇంగ్లీషు నాలుగు ముక్కలు. అవ్వకు అదియు లేదు. సంవత్సరము తిరుగునప్పటికి ఆ ఇంట వానితో "కం, ఈట్, గో" అనుట తప్ప వేరు సంభాషణ లేకపోయెను. వాని మాట బాగుపడలేదు. అవ్వ కథలు, తాత పొడుపుకథలు మాత్రము ఆగిపోయినవి. వానికి మాట నేర్పగలిగిన చోటు అదియొక్కటే యని మాకప్పుడు తోచలేదు.

రెండు మూడు భాషలు వినుటవలన భాషాలోపము పుట్టదు. ఈ విషయమున నేటి శాస్త్రజ్ఞులకు సందేహము లేదు. తెలివికేమియు కొదువలేక, భాషను పట్టుకొనుటయందు మాత్రమే చిన్ననాటినుండి వెనుకబడు బిడ్డలు అన్ని దేశములలోను కలరు. ఇంగ్లండులో 2016లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశీలనయందు, బడిలో చేరు వయస్సు పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఇట్టివారున్నట్లు తేలెను. అనగా ముప్పదిమంది తరగతిలో ఇద్దరు. వారిని మొద్దులని, సోమరులని వెనుక బల్లపై కూర్చుండబెట్టుట మన అలవాటు.

మరి భాష క్రొత్తదగుటచే తడబడు బిడ్డను, లోపముచే తడబడు బిడ్డను వేరుచేయుట యెట్లు? లోపమైనచో అది బిడ్డ మాటలాడు భాషలన్నిటను కనబడును. ఒక్క బడిభాషలోనే కనబడినచో పరిచయము చాలకపోవుటయే కారణము కావచ్చును. తమిళమున క, గ ధ్వనులకు ఒకే అక్షరము. తెలుగు చదివిన పిల్లవాడు అచ్చట తప్పు పలికినచో అది రోగము గాదు. వానిని అవ్వదగ్గర కూర్చుండబెట్టి వినవలెను. "సంతకు పోయి, కూరలు కొని, బస్సు తప్పిపోయి, నడిచి వచ్చినాను" అని జరిగినదానిని వరుసగా గుచ్చి చెప్పగలడా? పదునాలుగేండ్లవాడు తన తెలుగులోను ఈ దండ గుచ్చలేనిచో పరీక్ష చేయింపవలసినదే. "వస్తా ఉండాను" అనుటవంటి మన ప్రాంతపు పలుకు మాత్రము లోపము గాదు. అట్టి మాటలకు ఎర్రసిరా పూసినవారిలో నేనొకడను.

అందుచేత పరీక్ష తెలుగులోను జరుగవలెను. తెలుగు వచ్చిన పరీక్షకుడు దొరకనిచో, బిడ్డ ఇంటివారితో మాటలాడుచుండగా పది నిమిషములు ఫోనులో పట్టి కొనిపోవలెను. తెలుగు, బడిభాష రెండును వచ్చిన పెద్దవారొకరు దుబాసిగా వెంట నుండవలెను. అన్నిటికంటె ముందు చెవులు పరీక్ష చేయింపవలెను. సరిగా వినబడనివానిని భాష రానివాడనుట నేను కన్నులార చూచితిని. మనకు అందుబాటులో మైసూరున అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుండి ఉన్నది. ముంబయిలో 1983లో స్థాపింపబడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదున శాఖ కలదు.

నత్తి సంగతి వేరు. నత్తిగల బిడ్డకు చెప్పవలసినది తెలియును. మాట మాత్రము గొంతులో చిక్కుకొనును. చిన్నతనమున నూటికి అయిదుగురికి వచ్చి, చాలమందికి తానై పోవును. పెద్దవారిలో నూటికొక్కరికి మిగులును, అందును మగవారే ఎక్కువ. ఇది భయమువలన పుట్టినది కాదు, పెంపకములోని తప్పు కాదు. వస అరగదీసి నాకించుట, నాలుక క్రింది తీగ కోయించుట, గులకరాళ్ళు నోట పెట్టించుట - వీనివలన నత్తి పోదు. మన సినిమాలు నత్తివానిని నవ్వులకే వాడుకొనినవి. ఆ నవ్వు తరగతిలోనికి వచ్చినప్పుడు దానిని ఆపవలసినవాడు ఉపాధ్యాయుడు.

హాజరు పిలుచుట మనకు అర నిమిషపు పని. నత్తిగల పిల్లవాడు తన వంతు వచ్చుదాక చెమటలు గ్రక్కును. తన పేరు చెప్పుటయే పలువురికి అన్నిటికంటె కష్టము. పేరునకు బదులు వేరు మాట పెట్టుట కుదరదు గదా! చేయెత్తిన చాలునన్నచో ఏమి పోయినది? నలుగురితో కలిసి చదివినప్పుడు, పద్యము రాగముతో పాడినప్పుడు వీరిలో చాలమందికి మాట సాఫీగా వచ్చును. అది చికిత్స గాదు, తరువాత మామూలు మాట మరల చిక్కుకొనును. అయినను నోరు తెరచి వినిపించిన తృప్తి వానికి ఒకనాడైన దక్కును. వాని మాటను మనము పూర్తిచేయరాదు. "నిదానముగా చెప్పు, గాలి పీల్చు" అని తొందరపెట్టనురాదు. వేచియుండుటయే మనము చేయవలసినది.

భాషాలోపము గల బిడ్డకు వేచియుండుట యొక్కటే చాలదు. ఒకేమారు నాలుగు పనులు చెప్పక ఒక్కొక్కటిగా చెప్పి, నల్లబల్లపై వ్రాసి చూపవలెను. పాఠములోని క్రొత్త మాటలు ముందునాడే ఇంటికి పంపవలెను. ఎవాపొరేషన్ అను మాట వానికి అంటదు. దండెముపై తడిచీర ఆరుటను గురించి తల్లి తెలుగులో చెప్పినచో అంటును. అటుపై ఇంగ్లీషు మాట దాని ప్రక్కకు వచ్చి నిలుచును.

ఇక చట్టము. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 17వ విభాగమున పరీక్షలలో అదనపు సమయము, లేఖరి, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు అను సౌకర్యములు చెప్పబడినవి. అందులో వాగ్భాషా వైకల్యమునకిచ్చిన నిర్వచనము ఇరుకైనది గనుక నత్తిగల ప్రతి బిడ్డకును ప్రమాణపత్రము దొరకదు. తమ పరీక్షామండలి నియమములేవో తొమ్మిదవ తరగతిలోనే అడిగి తెలిసికొనుడు. పదవ తరగతి నడుమ పరుగెత్తినచో పని కాదు. మినహాయింపు అనగానే నేను చూచిన చోట్ల మొదట కొట్టివేయబడినది తెలుగే. భాషాభిమానముచేత బిడ్డ నెత్తిన ఇంకొక పరీక్ష మోపుడని నేననను. తెలుగు పరీక్ష మానుట ఆ బిడ్డకు మేలైనచో మానవచ్చును. ఇంట తెలుగు మాట మానుట మాత్రము వేరు. దానిని ఏ చట్టమును కోరలేదు.

ఆ బాలుని పదవ తరగతిలో ఒక వాక్చికిత్సకురాలి యొద్దకు తీసికొనిపోయిరి. ఆమె తల్లిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని తెలుగులోను పరీక్షించి, లోపము అన్ని భాషలలోను ఒక్కటేయని చెప్పి, ఇంట మరల తెలుగు మాటలాడుడనెను. అప్పటికి అవ్వ పోయి నాలుగు నెలలైనది.

మన సంఘమున విశ్రాంతులైన పెద్దలు పదిమందికి తక్కువ లేరు. రెండు భాషలు వచ్చి, దుబాసిగా మైసూరుదాక వెంట పోగలవారు నేడు సభ ముగిసిన పిదప కార్యదర్శిగారి పుస్తకములో పేరు వ్రాయింప ప్రార్థన. మొదటి పేరు నాది వ్రాయించితిని.