ఇంటి మనిషా, పనిమనిషా?

(పెనుకొండలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. ఆ దారి బెంగుళూరు చేరుతుంది. వానల్లేక సేద్యం పోయిన ఇంటి నుంచీ, మగ్గం ఆగిపోయిన ఇంటి నుంచీ మన స్త్రీలు ఆ దారిన పోయి, పరాయి ఇళ్ళలోనే ఉంటూ ఇంటిపని చేస్తున్నారు. ఇంకొందరు విమానమెక్కి కువైట్, సౌదీలకు ఖద్దామాలుగా వెళ్తున్నారు. బయలుదేరే ముందు అందరూ చెప్పేది ఒకే మాట: 'కొంచెం సర్దుకో తల్లీ.' ఈ మాట గురించే ఈరోజు మాట్లాడదాం.

కొత్త ఇంట్లో సర్దుకోవాల్సినవి నిజంగానే ఉంటాయి. సంగటి తినే మనిషి కుబూస్ తినాలి. కన్నడమో, అరబ్బీయో నేర్చుకోవాలి. తన బిడ్డను అవ్వ దగ్గర వదిలి వచ్చి, వాళ్ళ బిడ్డను నిద్రపుచ్చాలి. ఇది కష్టమే, కానీ రెండు మూడు నెలల్లో చాలామంది అలవాటు పడతారు.

చిక్కు మరోచోట ఉంది. 'మా ఇంట్లో బిడ్డ మాదిరి చూసుకుంటాం' అంటారు యజమానులు. మాట తియ్యగానే ఉంటుంది. ఇంటి బిడ్డ పనికి గంటలు లెక్కపెట్టరు. ఇంటి బిడ్డకు సెలవు ఉండదు. జీతం ఆలస్యమైతే అడగడం తప్పవుతుంది. కానీ ఇంటి బిడ్డకు ఉండే పడక, జబ్బు చేస్తే విశ్రాంతి, తలుపు తీసుకుని బయటికి వెళ్ళే స్వేచ్ఛ మాత్రం ఈమెకు రావు. మన ఇళ్ళలో ఆడదాని చాకిరీని ప్రేమ పేరుతో ఎలా లెక్కలోంచి తీసేశారో, ఇక్కడా అదే జరుగుతోంది.

ఐరోపాలో 'ఓ పేర్' అనే పద్ధతి ఉంది. పరదేశపు యువతి ఒక కుటుంబంలో ఉండి పిల్లలను చూసుకుంటూ, వాళ్ళ భాష నేర్చుకుంటుంది. ఆ ఫ్రెంచి మాటకు 'సమానంగా' అని అర్థం. ఆమెనూ ఇంటి మనిషి అనే అంటారు. అయినా 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన ఒప్పందం అంతటితో వదల్లేదు: రోజుకు 5 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక పూర్తి రోజు సెలవు, చేతి ఖర్చుకు డబ్బు, రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది. అక్కడా ఉల్లంఘనలున్నాయి. కానీ ఉల్లంఘన అని చెప్పడానికి ఒక కాగితం ఉంది.

మనకూ కాగితాలు లేకపోలేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడికను ఆమోదించింది. వారానికి వరుసగా 24 గంటల విశ్రాంతి, ఆ సమయంలో ఆ ఇంట్లోనే ఉండాలన్న నిర్బంధం లేకపోవడం, పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకోవడం ఇందులో హక్కులు. భారత ప్రభుత్వం ఇంకా దాన్ని ధ్రువీకరించలేదు. 2015లో కువైట్ చట్టం చేసింది: పని రోజుకు 12 గంటలు మించకూడదు, వారపు సెలవు ఇవ్వాలి, యజమాని పాస్‌పోర్టు దాచుకోకూడదు. కానీ ఆకామా కఫీలు చేతిలో ఉన్నంతకాలం, చెప్పకుండా గడప దాటిన స్త్రీ మీద 'పారిపోయింది' అని కేసు పెట్టవచ్చు.

మన ప్రభుత్వం గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండాలంది. రక్షణ కోసమే అన్నారు. అవసరం మాత్రం 30 ఏళ్ళదాకా ఆగదు. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపుతున్నారు. అలా వెళ్ళిన మనిషికి ఒప్పందమూ లేదు, లెక్కలో పేరూ లేదు.

బెంగుళూరు దగ్గరే కదా అని నిశ్చింతగా ఉండలేం. 2013 లైంగిక వేధింపుల చట్టం ఇంటిపని చేసే స్త్రీకీ వర్తిస్తుంది. జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. ఈ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి?

మనమే చెప్పాలి. బయలుదేరే ప్రతి స్త్రీతో ముందే కూర్చుందాం. జీతం ఎంత, ఏ తారీఖున, ఎవరి చేతికి. రాత్రి ఎక్కడ పడుకుంటుంది, గదికి లోపలి గడియ ఉందా. ఫోను ఎవరి దగ్గర ఉంటుంది. సెలవు ఏ రోజు అని అడిగి రాయిద్దాం. పాస్‌పోర్టు, వీసా, ఆధార్ నకళ్ళు ఊళ్ళో నమ్మకమైన మనిషి దగ్గర ఉంచుదాం. వారానికొకసారి ఫోను రాకపోతే కదలాల్సింది ఎవరో ముందే నిర్ణయించుకుందాం.

తిండికి, భాషకు, వాతావరణానికి సర్దుకోమని చెబుదాం. నిద్రకు, జీతానికి, ఒంటి మర్యాదకు సర్దుకోమని మాత్రం ఏ చెల్లెలికీ చెప్పవద్దు. ఆమె వెళ్తున్నది పనికి. పనికి లెక్క ఉండాలి.